ముప్పై ఏడోది దొరికింది, బావా

విజయనగరం

ప్రియమైన బావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు నాలుగు తిట్లు తిట్టుకుని, ఆ తరువాత చదువు. దసరా రోజుల్లో నాకు ఊపిరి సలపదని నీకు తెలియనిది కాదు. ఇంట్లో అందరూ క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయి, స్టూడియోకి రంగులు వేయించాను, పాపకి పరీక్షలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను: సిరిమాను ఉత్సవంలో ఒక బొమ్మ దొరికింది, పత్రికకి కాదు, మనకోసం దాచుకునేది. మంగళవారం నుంచి దాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను, చెప్పుకోదగిన మనిషివి నువ్వొక్కడివే.

మంగళవారం అంటే మన పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగే మంగళవారం. ఈసారి నేను మూడు లాంతర్ల కూడలి దగ్గర మేడ ఎక్కలేదు. కెమెరా పట్టిన ప్రతివాడూ అక్కడే ఉంటాడు, అందరికీ ఒకే బొమ్మ వస్తుంది: సుమారు 60 అడుగుల చింతమాను, దాని కొసన విసనకర్రతో కూర్చున్న పూజారి, వెనుక తెల్లటి ఆకాశం. ఆ ఆకాశాన్ని నమ్ముకుంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు పూజారి ముఖాన్ని నల్లగా చూపిస్తుంది కనుక ఒక స్టాపో (అంటే వెలుతురు రెట్టింపు), ఒకటిన్నర స్టాపో ఎక్కువ తెరవాలని మనకి ఫొటోలు నేర్పిన గురువుగారు నూరిపోసిందే కదా. అలాంటి బొమ్మలు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. అవి చెడ్డవని అనను, పత్రికలవారికి కావలసినవీ అవే. కానీ వాటిని తీస్తున్నంతసేపూ ఏం రాబోతోందో నాకు ముందే తెలిసిపోతుంది, తెలిసిపోయినప్పుడు నా వేలు బద్ధకిస్తుంది.

అందుకని కోటకి వెళ్ళే దారిలో, జనంలో, జనాన్ని ఆపే తాడు పక్కన నిలబడ్డాను. చేతిలో ఉన్నది 35 ఎంఎం లెన్సు ఒక్కటే. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8కి కుదించి, ఫోకస్‌ని 10 అడుగుల దగ్గర కదలకుండా ఆపాను. అలా పెడితే 6 అడుగుల నుంచి సుమారు 24 అడుగుల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి, ఇక కంటికీ వేలికీ మధ్య ఏ యంత్రమూ ఆలోచించవలసిన పని లేదు. ఇప్పటి కెమెరాలు కన్ను ఎక్కడుందో అవే వెతికి పట్టుకుంటాయి, నిజమే. కానీ అన్ని వేల కళ్ళున్న చోట అది ఎవరి కన్ను పట్టుకుంటుందో దానికే తెలియదు! నువ్వు నవ్వుతావని తెలుసు. మన పాత యాషికా కెమెరాతో నేర్చుకున్న విద్యే చివరికి అక్కరకు వచ్చింది.

మబ్బు పట్టి, నువ్వు పేరు పెట్టిన ఆ పెరుగన్నం వెలుతురే ఊరంతా పరచుకుంది. ఊరేగింపులో బెస్తవారి వల ముందు నడిచింది, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వెళ్ళాయి, వెనుక సిరిమాను కదిలింది. గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది కదా, నేను చెప్పేది మూడో తిరుగు సంగతి. మేడల మీద నుంచి, కింద నుంచి అరటిపళ్ళు విసురుతున్నారు. నాకు ఎదురుగా ఒక కానిస్టేబులు తాడు పట్టుకుని, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, మమ్మల్నందరినీ వెనక్కి తోస్తున్నాడు. వయసు మీద పడిన మనిషి. మీసాల మీద కుంకుమ రాలింది, చొక్కా చెమటకి నల్లబడింది. అంతకు ముందే నన్ను రెండు మాటలు గట్టిగా అన్నాడు కూడా.

సిరిమాను మా తలల మీదుగా వాలినట్టు వచ్చింది. అందరూ పైకి చూస్తున్నారు. నేను ఎందుకో చూడలేదు. మేడ మీద నుంచి ఎవరో విసిరిన పండొకటి మానుకి అందక తిరిగి కిందికి వస్తోంది. అతను ఎడమ చేతిలోని తాడు వదలకుండానే, కుడి చేత్తో టోపీ తీసి, పండు పట్టాడు బావా! భిక్ష పట్టినట్టు కాదు, క్రికెట్లో బౌండరీ దగ్గర క్యాచ్ పట్టినట్టు! పట్టి, నోరంతా తెరిచి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. బొమ్మలో పండు ఇంకా టోపీలో పడలేదు, అంచుకి జానెడు పైన ఉంది. వెనుక సిరిమాను మొదలు, దాని చుట్టూ ఆకాశం వైపు ఎత్తిన ముఖాలు. కిందికి చూస్తున్నది అతనొక్కడే.

 

నువ్వు భూతద్దం తీస్తావని తెలుసు, కనుక ముందే చెబుతున్నాను: షటరు వేగం సెకనులో 250వ వంతు దగ్గర ఉండడం వల్ల పండు కాస్త అలికినట్టు వచ్చింది. రానీ. 1948 జనవరి 30న ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియర్ బ్రెస్సాన్ గాంధీగారిని కలిసి వెళ్ళిన కొద్దిసేపటికే ఆ ఘోరం జరిగింది, మళ్ళీ పరుగెత్తుకొచ్చి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూగారు జనంతో మాట్లాడుతున్న బొమ్మ తీశాడు. అందులో ఏ గీతా కచ్చితంగా ఉండదు, అయినా ఆ బొమ్మ ముందు ఇప్పటికీ నా మాట ఆగిపోతుంది. నా అరటిపండుని దానితో పోల్చడం లేదులే, మరీ అంత పొగరెక్కలేదు. గురువుగారు ఉంటే ఏమనేవారో... చీకటి గదిలో ఎర్ర దీపం కింద, ట్రేలో కాగితం మీద ముఖం నెమ్మదిగా తేలుతుంటే ఆయన ఊపిరి బిగబట్టడం మనకి వినబడేది. ఆ వాసన, బొమ్మని కాగితం మీద నిలిపే ఆ హైపో మందు మరకలు... సరే, వదిలెయ్యి.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. సిరిమాను దాటిపోయాక అతనే నా దగ్గరికి వచ్చాడు. తెరమీద చూపించాను. చాలాసేపు చూసుకున్నాడు, పండు ఒలిచి సగం నాకు పెట్టాడు, ఆ తరువాత గొంతు తగ్గించి, "పేపర్లో వెయ్యకండి బాబూ, డ్యూటీలో టోపీ తీశానని అడుగుతారు" అన్నాడు. వెయ్యనని మాట ఇచ్చాను. ఆ సాయంత్రమే ఒక పత్రికలో పనిచేసే మిత్రుడు ఏమైనా ఉన్నాయా అని అడిగితే పూజారి బొమ్మ పంపాను, వాళ్ళు సంతోషంగా వేసుకున్నారు. ఫోనులో ఎక్కడా పెట్టలేదు. కొన్నాళ్ళుగా తీసినదానిలో నాకు నచ్చినది ఇదొక్కటే, ఇది ఎవరికీ చూపించకూడనిది! మొదట ఉక్రోషం వచ్చింది, తరువాత మన లెక్క గుర్తొచ్చింది: పాత ఫిల్ము రీలులో 36 ఫొటోలు పెళ్ళివారివి, చీకట్లో జాగ్రత్తగా ఎక్కిస్తే మిగిలే ముప్పై ఏడోది మనది. కార్డులో వేల ఫొటోలు పట్టే ఈ రోజుల్లో ముప్పై ఏడోది ఏదో గుర్తుపట్టడమే కష్టమైపోయింది.

అతనికి ఒక ప్రింటు ఇచ్చి వచ్చాను, రెండోది నీకు. రెండు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను, తపాలావారు వంచకపోతే నీ అదృష్టం. గోడకి మాత్రం తగిలించకు, మీ ఇంటికి వచ్చేవారిలో సగం మంది మన ఊరివాళ్ళే. పండు సంగతి కాదు, కుడివైపు మూలన పసుపు చీర ఆవిడ చెయ్యి ఫ్రేము లోపల ఉంచాలా, కోసెయ్యాలా అన్నది చూసి చెప్పు. నాకైతే ఉండాలనే అనిపిస్తోంది, ఎందుకంటే ఆ చెయ్యి లేకపోతే పండు ఎటునుంచి... అదిగో, పెళ్ళివారి వ్యాను వచ్చి హారను మోగిస్తోంది, ముహూర్తం బొబ్బిలిలో, బ్యాటరీలు ఇంకా ఛార్జింగులోనే ఉన్నాయి. ఉంటాను.

నీ
బావ