బాండు మీద ఉన్న కొడుకుకు

మహబూబ్‌నగర్

చిరంజీవి చిన్నోడికి నాయన ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు "కేసు అయిపోయింది కద నాయనా, వచ్చే నెల మక్తల్ దోస్తులతో బొంబాయి పోతా, సెంట్రింగ్ పనికి మంచి కూలి ఇస్తున్నారంట" అన్నావు. అప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెప్పబోతే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. కోర్టు గేటు బయట టైపు మిషన్ ముందు కూర్చుని ఇన్నేళ్లుగా ఎందరి బాండ్లో కొట్టాను. ఈ ఒక్క విషయంలో నీ దోస్తుల మాట కాదు, నా మాట విను.

కేసు అయిపోలేదు బిడ్డా. జడ్జిగారు నిన్ను నిర్దోషి అనలేదు. బరాత్‌లో ఆ పిల్లాడి చెయ్యి విరగ్గొట్టింది నువ్వేనని రుజువైనట్టు తీర్పులో స్పష్టంగా రాశారు. ఎముక విరిగేలా కొట్టినవాడికి ఏడేళ్ల దాకా జైలు వేయొచ్చు. నీకు ఎంత శిక్ష అన్నది చెప్పకుండా ఆపి, రెండేళ్లు నీ నడవడిక చూస్తామని బాండు రాయించుకుని పంపారు. ఈ గడువులో ఎప్పుడు పిలిచినా వచ్చి శిక్షకు లోబడతానని నువ్వే సంతకం చేశావు. బెయిల్ మీద ఉన్నవాడికి కేసు నడుస్తుంటుంది. పెరోల్ మీద వచ్చినవాడు మళ్లీ జైలుకు పోతాడు. నీది ఆ రెండూ కాదు, ప్రొబేషన్.

ఇది 1958లో వచ్చిన చట్టం. ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకు ఇది వర్తించదు. మిగతా వాటిలో, తప్పు చేసిన మనిషిని, అతని పరిస్థితిని చూసి జైలుకు పంపకుండా మూడేళ్లకు మించని బాండు మీద వదలొచ్చు. తీర్పు నాటికి నీకు 21 నిండలేదు. ఆ వయసు లోపు వాళ్లను జైలుకు పంపాలంటే జడ్జి ముందు ప్రొబేషన్ ఆఫీసర్, అంటే ఇట్లా వదిలినవాళ్ల నడవడిక చూసే ఆఫీసర్, రిపోర్టు తెప్పించుకోవాలి, జైలు ఎందుకు తప్పదో కారణాలు రాయాలి. ఆఫీసర్ మన ఇంటికొచ్చి మీ అమ్మతో అంతసేపు మాట్లాడింది, వాడకట్టులో అడిగింది, నీ ఐటీఐ సారును కలిసింది అందుకే. మీ అమ్మ ఆ రోజు ఏడుస్తూ కూడా అబద్ధం ఒక్కటి చెప్పలేదు. నీకు కోపం ఎక్కువని చెప్పింది, ఇంటికి పైసలు తెచ్చి ఇస్తాడని కూడా చెప్పింది. ఆ రిపోర్టు చూసే జడ్జిగారు నీ మీద నమ్మకం పెట్టారని నేను అనుకుంటున్నా.

ఇప్పుడు బొంబాయి సంగతి. పాలమూరోడు బొంబాయి బస్సెక్కడం తప్పని నేనెట్లా అంటాను? వలస పోయిన చేతులతోనే ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లు లేచాయి. కానీ నీకు బాండు ఇచ్చిందే మీ మామకు జడ్చర్లలో సొంత ఇల్లుంది, నువ్వు అక్కడే ఉండి షెడ్డులో పని చేస్తావు అన్న లెక్క మీద. ముద్దాయికో, జమానత్ ఇచ్చినవాడికో, అంటే నీకు పూచీ పడ్డ మామకో, స్థిరమైన నివాసం గానీ నిలకడైన పని గానీ ఉండాలని చట్టంలోనే ఉంది. పైగా నీ మీద సూపర్‌విజన్ ఆర్డర్, అంటే ఆఫీసర్ పర్యవేక్షణలో ఉండాలన్న ఆర్డర్ కూడా ఉంది. అది ఏడాదికి తక్కువ ఉండదు. నెలనెలా ఆఫీసర్‌కు కనబడాలి, మామ ఇంట్లోనే ఉండాలి, తాగొద్దు, ఆ పిల్లాడి జోలికి పోవద్దు అని నీకు చదివి వినిపించి మరీ సంతకం తీసుకున్నారు. నువ్వు చెప్పకుండా బస్సెక్కితే వచ్చే నెల ఆఫీసర్ రిజిస్టర్‌లో నీ సంతకం ఉండదు. అక్కడి నుంచి మొదలవుతుంది కథ.

ఆఫీసర్ రిపోర్టు పెడితే కోర్టు నీ మీద వారెంట్ ఇవ్వొచ్చు, లేదా నీకూ మామకూ సమన్లు పంపొచ్చు. తీసుకొచ్చాక విచారణ తేలేదాకా రిమాండుకు పంపొచ్చు, బెయిల్ ఇచ్చినా ఇవ్వొచ్చు. షరతు తప్పావని తేలితే ఆ బరాత్ కేసుకే, అప్పుడు ఆపిన శిక్ష ఇప్పుడు వేస్తారు. చెయ్యి విరగ్గొట్టావా లేదా అని మళ్లీ సాక్షుల్ని పిలవరు, అది ఎప్పుడో తేలిపోయింది. మొదటిసారి తప్పితే యాభై రూపాయల లోపు జరిమానా వేసి బాండును కొనసాగించే వీలు కూడా ఉంది. ఆ యాభై సంగతి మీ షెడ్డులో ఎవరో నీకు చెప్పారని నాకు తెలుసు. అది జడ్జి ఇష్టం, నీ హక్కు కాదు. యాభై రూపాయలు కట్టి బొంబాయి పోవచ్చని ఎవడన్నా అంటే వాడు నీ మేలు కోరేవాడు కాదు.

మామ సంగతి కూడా ఆలోచించు. నువ్వు మాట తప్పితే బాండు సొమ్ము ఆయన దగ్గర వసూలు చేయొచ్చు. మీ అత్త వద్దన్నా విననట్టు లేచి వచ్చి సంతకం చేసిన మనిషి ఆయన.

నిజంగా పోవాల్సిన పనే అయితే దారి ఉంది. ప్రొబేషన్ ఆఫీసర్ దరఖాస్తు పెడితే కోర్టు షరతులు మార్చొచ్చు. నిన్నూ మామనూ అడగకుండా మార్చరు. ఇంకో మాట చాలామందికి తెలియదు. నీ నడవడిక బాగుండి ఇక పర్యవేక్షణ అక్కర్లేదని ఆఫీసర్ కోరితే, కోర్టు ఒప్పుకుంటే, గడువుకు ముందే బాండు రద్దు చేయొచ్చు. అంటే నీ రెండేళ్లు తగ్గే తలుపు కూడా ఆమె దగ్గరే ఉంది. ఆమెను పోలీసులా చూసి తప్పించుకుని తిరగకు. సలహా చెప్పడం, పని దొరికేలా సాయం చెయ్యడం కూడా ఆమె డ్యూటీలో రాసి ఉన్నాయి. జ్వరమొచ్చి పోలేకపోతే ముందే ఫోన్ చెయ్యి, డాక్టర్ చీటీ దాచిపెట్టు.

కానిస్టేబుల్ ఉద్యోగం మీద నీకు ఇంకా ఆశ ఉందని మీ అక్క చెప్పింది. ప్రొబేషన్ మీద వదిలినవాడికి, శిక్ష పడ్డందువల్ల వచ్చే అనర్హత అంటదని అదే చట్టంలో ఉంది. అది మంచి సంగతి. కానీ నేరం రుజువైంది అన్న మాట తుడిచిపెట్టుకుపోదు. ఫారంలో కేసులున్నాయా అని అడిగితే ఉన్నదున్నట్టు రాయి. డిపార్ట్‌మెంట్ వాళ్లు చూసి వాళ్ల నిర్ణయం వాళ్లు చేస్తారు. దాచావంటే దాచిన దానికే ఉద్యోగం పోయే ప్రమాదముంది.

ఆ పిల్లాడికి ఇవ్వాల్సిన నష్టపరిహారం రెండో వాయిదా ఇంకా కట్టాలి. కోర్టులోనే కట్టు, రసీదు తీసుకో. ఆ పిల్లాడు ఇప్పటికీ ఆ చేత్తో బరువు ఎత్తలేకపోతున్నాడంట, వాళ్లమ్మ కూరగాయల మార్కెట్ దగ్గర నాకు ఎదురుపడి చెప్పింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. వాయిదా ఆలస్యం చెయ్యకు.

ఆదివారం నేను జడ్చర్ల వస్తున్నా. బాండు, తీర్పు జిరాక్సులు తీసి పెట్టు. బొంబాయిలో పని ఇస్తానన్న మేస్త్రీ దగ్గర అడ్రసు, ఎన్నాళ్ల పనో కాగితం మీద రాయించు. అది ఇవ్వలేని మేస్త్రీ వెంట నువ్వు పోవద్దు. సోమవారం నువ్వు, నేను, మామ కలిసి ఆఫీసర్ దగ్గరికి పోదాం, ఆమె ఏమంటుందో విని వకీలు సాబ్‌తో మాట్లాడదాం. అప్పటిదాకా ఆ మక్తల్ దోస్తులకు వస్తాననో రాననో ఏదీ చెప్పకు, టికెట్టుకు పైసలివ్వకు. ఈ సంగతంతా మామకు ఈ రాత్రే నువ్వే చెప్పు, నేను చెప్పేదాకా ఉంచకు.

మీ నాయన