మీ పటాలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

మా షాపులో ఫొటోలిచ్చి నెల దాటినా ఫ్రేములు అందని వాళ్లందరికీ ముందు క్షమాపణ. ఫోన్లు ఎత్తకపోవడం కూడా నా తప్పే, ఏ తేదీ చెప్పాలో తెలియక ఎత్తలేదు.

విజయనగరం కోట దగ్గర ఒక పాత మేడలోని 37 పటాలు బాగుచెయ్యడానికి ఒప్పుకున్నాను. ఎక్కువగా రవివర్మ లక్ష్ములు, సరస్వతులు. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి పెంకులు లేచిపోయి హాల్లోకి నీళ్లు దిగాయట, అప్పటినుంచి చాలావరకు అద్దానికి అతుక్కుపోయి ఉన్నాయి. ఇవి చేత్తో గీసినవి కావు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ దించి అచ్చు వేయించినవి. పైన వార్నిష్ ఉంటుంది. తేమ తగిలితే ఆ వార్నిషే అద్దాన్ని పట్టేసుకుంటుంది, తొందరపడి లాగితే రంగు అద్దంతో వచ్చేస్తుంది.

నా చేతిలోనే వచ్చేసింది. ఒక సరస్వతి పటంలో వీణ మీద ఉన్న చేతి దగ్గర రూపాయి బిళ్లంత లేచిపోయింది. ఆ సాయంత్రమే మేడకి వెళ్లి ఆ ఇంటి పెద్దమ్మగారికి చూపించాను. ఆవిడ చాలాసేపు దానివైపే చూసి, "మిగతావి నిదానంగా చెయ్యి నాయనా" అన్నారు. అప్పటినుంచి రోజుకి ఒక్కటి, ఒక్కోసారి అదీ అవ్వట్లేదు.

ఇంకో సంగతీ చెప్పాలి. వెనక చెక్కలు విప్పితే రెండింటి మీద మా నాన్న పెన్సిల్ రాత కనబడింది, అంటే అవి మా షాపులో కట్టినవే. ఆ రెండింటికీ కింది అంచు లేదు. ప్రెస్సు పేరు, ఊరు ఉండేది ఆ అంచు మీదే, అది ఉంటే పటం ఏ కాలం నాటిదో కొంత అంచనా దొరికేది. ఫ్రేములో పట్టాలని కోసేశారు. నేనూ ఎన్నో కోశాను, తెలియక. అందుకే ఈ పనికి సామాను ఖర్చు మాత్రమే తీసుకుంటున్నాను.

పెళ్లి ఫొటోలవి వచ్చే శనివారంలోపు ఇచ్చేస్తాను. ఆగలేనివాళ్లు వచ్చి అడ్వాన్సు తీసుకెళ్లండి, ఏమీ అనుకోను. మీ ఇంట్లోనూ పాత పటం అద్దానికి అంటుకుని ఉంటే దయచేసి విప్పకండి, తడిగుడ్డ పెట్టకండి, అద్దంతో సహా అలాగే తీసుకురండి. చూసి చెప్పడానికి డబ్బులేమీ వద్దు.