ఆడిటోరియం పెద్దసారుకు ‘క్విజ్ కళా సాయంత్రం’ నిర్వాహకుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆడిటోరియం మీ చేతికింద ఉంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మిగతా హాళ్లవాళ్లు కూడా రేపట్నుంచి మమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తారని భయం. ఎలాగూ ఏ హాలో మీకు తెలుసు. మా కార్యక్రమానికి హాలు ఇవ్వకపోవడం గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ నా ఫోనుకు ఒకటే మెసేజ్: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’. మూడోసారి వచ్చినప్పుడు మా వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందుకే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. దీన్ని కూడా పరిష్కరించేయకండి సార్, ముందు చదవండి.

చిన్న బృందాలకు సగం అద్దె అని మీరే పెట్టిన ఏర్పాటు గురించి మీకు నేను చెప్పేదేముంది. ఆ బోర్డు చూసే లోపలికొచ్చాం.

మొదటి తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. సెప్టెంబరు 6 కావాలని అడిగాం. 2018లో అదే తేదీన సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ నుంచి మమ్మల్ని బయటపడేసింది, ఆ రోజంటే మాకు పండగ. కౌంటర్లో ఉన్నాయన గోడ మీది క్యాలెండర్ చూపించి, “ఆ రోజు నిమజ్జనం సార్. ఖైరతాబాద్ గణేశుడు కదులుతుంటే మీ హాలుకు ఎవరొస్తరు?” అన్నాడు. నిజమే. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ 2025 నిమజ్జనం ఎప్పుడో చూసుకోలేదు. 20వ తేదీ శనివారం ఖాళీ ఉందన్నాడు. సరే అన్నాం.

దరఖాస్తులో ‘కార్యక్రమం పేరు’ అన్న గడిలో ‘క్వీర్ కళా సాయంత్రం’ అని రాశాను. గేలు, ట్రాన్స్‌జెండర్లు, మాలాంటివాళ్లందరినీ కలిపి క్వీర్ అంటారు. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చదివాడు. “క్విజ్‌కు జడ్జిలు ఎవరొస్తున్నరు?” అనడిగాడు. నేను నోరు తెరిచేలోపే రశీదు మీద ‘క్విజ్ కళా సాయంత్రం’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్రను ప్యాడ్ మీద రెండుసార్లు అద్ది, గట్టిగా వేసేశాడు. అప్పుడే దిద్దమని అడగాల్సింది. అడగలేదు. పెళ్లెందుకు కాలేదంటే జాతకం అని, ఇంట్లో ఉన్నదెవరంటే కజిన్ అని చెప్పుకుంటూ నలభై ఒక్కేళ్లు వచ్చినవాణ్ని. ఇంకో అబద్ధం బరువేముంటుందిలే అనుకున్నాను. పైగా ఆ రశీదును బట్టే మాకు హాలు వచ్చింది సార్.

కార్యక్రమం ఏమిటో కూడా చెప్తాను, ఏదో ఊహించుకుని ఉంటారు. రెండు చిన్న నాటికలు, అరగంట కవిత్వం, ఒక దక్కనీ గజల్, ఒక కూచిపూడి అంశం. అది చేసే కుర్రాడు బ్యాంకులో క్యాషియర్. మణికొండలో ఒకరి ఫ్లాట్‌లో సోఫాను బాల్కనీలోకి నెట్టేసి నాలుగు నెలలు రిహార్సల్ చేశాం. గజ్జెల చప్పుడుకు కింది ఫ్లాట్ ఆంటీ రెండుసార్లు పైకొచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు కూర్చుని చూసి, జడ సరిగ్గా వేసుకోలేదని వాడికి చెప్పి వెళ్లారు. ఆవిడకు మొదటి వరుసలో సీటు ఉంచాం.

16వ తేదీ సాయంత్రం ఫోన్ వచ్చింది. ఏసీ రిపేరు, బుకింగ్ రద్దు. ఎవరో మా పోస్టర్ చూశారట, క్విజ్ కాదని తెలిసిపోయిందట. ఆ మాట మాకు తర్వాత తెలిసింది, అప్పటికైతే ఏసీయే. 20న నేను ఊరికే వెళ్లి చూశాను. ఓ కోచింగ్ సెంటర్ ర్యాంకర్ల సన్మానం జరుగుతోంది. స్టేజీకి అటూ ఇటూ అరటి చెట్లు, వెనక ఫ్లెక్సీ, లోపల చలికి భుజాలు ముడుచుకునేంత చల్లదనం. ఎవరి తండ్రినో అనుకుని నా చేతిలో కూడా సమోసా ప్యాకెట్ పెట్టారు. తిన్నాను, అబద్ధమెందుకు. మేం కట్టిన పద్దెనిమిది వేల ఐదొందలు మాత్రం ఈ రోజుకీ తిరిగి రాలేదు.

అక్టోబరులో మళ్లీ వచ్చాం. హాలువాళ్లు పోలీసుల కాగితం తెమ్మన్నారు, స్టేషన్లో హాలు కాగితం తెమ్మన్నారు. ఈ తిప్పలు అందరికీ ఉన్నవే, దానికి నేను ఏడవను.

మీ కిందుండే ఒక సారు మాత్రం మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పారు. ఎయిడ్స్ అవగాహన అని పేరు పెట్టుకోండి, రేపే ఇప్పిస్తాను, అద్దె కూడా ఉండదు అని. మేం ముఖముఖాలు చూసుకున్నాం. ప్రభుత్వ కాగితాల్లో మాలాంటివాళ్లం కనిపించేది దాదాపు అక్కడే సార్, ఎయిడ్స్ నియంత్రణ ఫైళ్లలో, ‘ఎమ్మెస్సెమ్’ (మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లు) అని మూడు ఇంగ్లీషు అక్షరాలుగా. ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు, అది ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో చూసినవాణ్ని. మా నాటికలో ఇంటి ఓనరు వేషం వేసే అన్న పదేళ్లుగా కండోమ్ పెట్టె భుజాన వేసుకుని పార్కులు, బస్టాండ్లు తిరిగినవాడు. ఆయనే అన్నాడు, “తమ్మీ, ఒక్క సాయంత్రమన్నా ఆ పెట్టె లేకుండ స్టేజీ ఎక్కనియ్యండ్రా” అని. మీ ఉచిత అద్దెను అందుకే వద్దనుకున్నాం.

ఇక నవంబరు సంగతి. ఈ ఉత్తరం అసలు దానికోసమే.

పాల్గొనే పద్నాలుగు మంది పేర్లు, తండ్రి పేర్లు, సొంతూరి చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు ఇస్తేనే ఫైలు కదులుతుందన్నారు. అంతకుముందు వారం కచేరీ పెట్టుకున్నవాళ్లను అడిగాను. మృదంగం వాయించేవాళ్ల నాన్న పేరు మీ ఆఫీసులో ఎవరూ అడగలేదట. మాలో ఐదుగురు వద్దన్నారు. నేనే నచ్చజెప్పాను. ప్రభుత్వ ఆఫీసు కదరా, ఎక్కడికి పోతాయి కాగితాలు అన్నాను. ఆ మాట అన్న నోటితో ఇప్పుడు అన్నం తినబుద్ధి కావడం లేదు.

నాటికలో తల్లి వేషం వేసేవాడికి ఇరవై మూడేళ్లు. అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడి ఆధార్‌లో ఉన్నది ఊళ్లో ఇంటి అడ్రసు. వెరిఫికేషన్ పేరుతో మీ ఆఫీసు నుంచి ఎవరో ఆ ఇంటికి ఫోన్ చేశారు. మీ అబ్బాయి గేల ప్రోగ్రాంలో యాక్ట్ చేస్తున్నాడు, మీకు ఎరికేనా అని. చేసినవాళ్లకు అది అర నిమిషం పని. పొద్దున మొదటి బస్సుకే తండ్రి, మేనమామ హాస్టల్ ముందు దిగారు. వాడి రూమ్మేట్ చెప్పాడు, ఎవరూ అరవలేదట, కొట్టలేదట. బట్టలు సర్దుకొమ్మన్నారట, అంతే. ఆ రోజు నుంచి వాడి ఫోన్ స్విచాఫ్.

వేషం కోసం వాడొక నేత చీర తెచ్చుకున్నాడు సార్. నీలం చీర, ఎర్రంచు, కొంగు దగ్గర చిన్న మాటు. వాళ్లమ్మదే. అడక్కుండా సంచిలో పెట్టుకొచ్చాడు. అదిప్పుడు నా బీరువాలో ఉంది. ఆ ఇంటికి పంపిద్దామంటే ఎవరు పంపారని చెప్పను? ఉంచుకుందామంటే ఎవరి చీర? అర్జీలో ఇది రాసే గడి లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మన ఊళ్లోనే ఒక పాత చట్టం ఉండేది, మీకు తెలిసే ఉంటుంది. నిజాం కాలంలో 1919లో, అప్పటి క్యాలెండర్ లెక్కలో ఫసలీ 1329లో చేసింది. హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టర్లో రాయాలి, ఆడబట్టలు కట్టి వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు అని అందులో ఉంది. మన హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. వందేళ్లు దాటిన చట్టం పోయిందని మేమంతా మిఠాయి పంచుకున్నాం. రెండేళ్లకే పేర్లు, నివాసాల జాబితా మీ ఆఫీసులో నా చేతే రాయించారు. అదీ ఆడీపాడేవాళ్ల జాబితానే.

ఆడవేషం అంటేనే ఇబ్బంది అంటారా? స్త్రీ పాత్రలతో ఆంధ్ర దేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. చిందు భాగవతంలో చిందుల ఎల్లమ్మ మగవేషం కట్టి గెంతుతుంటే నిజామాబాద్ పల్లెలు తెల్లార్లూ కూర్చున్నాయి. వాళ్లు మాలాంటివాళ్లని నేననడం లేదు, ఆ గొడవ మనకొద్దు. వేషం పాత్రకే గానీ తండ్రి పేరుకు కాదని మాత్రం ఆ కాలంలో అందరికీ తెలుసు. మా క్యాషియర్ కుర్రాడు కూడా సత్యభామే కట్టబోయాడు.

2013లో ఈ నగరంలో మాలాంటివాళ్ల మొదటి ఊరేగింపు, ప్రైడ్, నడిచినప్పుడు నేను ముఖానికి మాస్కు పెట్టుకుని ఆఖరి వరసలో ఉన్నాను. అప్పుడు రోడ్డంటే భయం, హాలంటే భద్రం అనిపించేది. ఇప్పుడు తిరగబడింది. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి సాంస్కృతిక వేదిక ఉండబట్టి బండరాయి పక్కన కూర్చుని చాయ్ తాగుతూ కవిత్వం చదువుకుంటున్నాం, వాళ్లు చల్లగా ఉండాలి. కానీ నాటకానికి వింగ్స్ కావాలి, లైట్లు కావాలి, తలుపు గడియ పడే గ్రీన్‌రూమ్ కావాలి. అవి మా పన్నులతో కూడా కట్టిన మీ దగ్గర ఉన్నాయి. 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్న నగరం ఇది. సిగ్నల్ దగ్గర నిలబడి ఊరందరికీ దారి చూపిస్తున్నవాళ్లు స్టేజీ మీద పది నిమిషాలు నిలబడితే ఏమవుతుంది సార్?

పెళ్లి హక్కు మిమ్మల్ని అడగడం లేదు. దాన్ని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టే పార్లమెంటు చూసుకోవాలంది, ఆ కేసులో ముందు నిలబడ్డ జంట మన హైదరాబాద్ వాళ్లే అయినా సరే. అంత పెద్ద కోరికలు మీ టేబుల్ మీద పెట్టను. హాలు ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, ఎందుకో, కాగితం మీద రాసివ్వండి. ఏసీ అని మాత్రం రాయకండి. మా డబ్బులు ఇప్పించండి. డబ్బులు పోతే పోయాయి గానీ, ఆ పద్నాలుగు మంది జాబితా, ఆ జిరాక్సులు ఇప్పించండి. మిగతా పదముగ్గురి ఇళ్లకూ ఫోన్లు వెళ్లకముందే ఇప్పించండి. కొరియర్ అక్కర్లేదు, కబురు చేస్తే నేనే వచ్చి పట్టుకెళ్తాను. ఎన్ని గంటలైనా బయట బెంచీ మీద కూర్చుంటాను, అలవాటైన బెంచీయే.

ఆ ఫోన్ చేసినవారెవరో మీరు కనుక్కోగలరు. వారిని తిట్టమనడం లేదు. ఆ ఇంటికి ఇంకోసారి చేసి, అబ్బాయి బాగున్నాడా అని అడగమనండి. నంబరు వాళ్ల దగ్గర ఉంది.

ఇట్లు,
మీ రశీదు ప్రకారం,
‘క్విజ్ కళా సాయంత్రం’ నిర్వాహకుడు,
హైదరాబాద్.