ఆహార యంత్రాల్లో అతుకుల మాటేమిటి?

సంపాదకుల వారికి,

ఆహార యంత్రాల్లో కొత్త ఆవిష్కరణల గురించి రాసేవారు మోటారు వేగం, సామర్థ్యం దగ్గరే ఆగిపోతున్నారు. లోహపు భాగాలను కలిపే అతుకు గురించి ఎవరూ మాట్లాడరు. నాకు బాధగా ఉన్నది అదే.

పాలు, పళ్లరసాలు పారే స్టీలు గొట్టం లోపల అతుకు గరుకుగా ఉంటే ఆ సందుల్లో బాక్టీరియా పేరుకుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. అందుకే 1940లలో వచ్చిన టిగ్ వెల్డింగ్ ఈ పరిశ్రమకు పెద్ద మేలు చేసిందంటాను. ఇందులో కరిగిపోని టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే విద్యుత్ మంట లోహాన్ని కరిగించి అతుకుతుంది, దాని చుట్టూ ఉండే ఆర్గాన్ వాయువు గాలి తగలకుండా కాపాడుతుంది. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపితేనే అతుకు లోపలివైపు మాడకుండా నున్నగా వస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలని ఈ పని వదిలేస్తే, కొనేవారికి పైనుంచి ఏమీ కనబడదు!

ఆహారం నింపే రేకు డబ్బాల సంగతీ ఇలాంటిదే. ఒకప్పుడు వాటి పక్క అతుకును విషమైన సీసం కలిసిన టంకంతో వేసేవారు. ఆవిష్కర్త ఎలిహు థామ్సన్ 1886లో పేటెంట్ పొందిన రెసిస్టెన్స్ వెల్డింగ్ పద్ధతే (టంకం లేకుండా, విద్యుత్ ప్రవాహపు వేడితోనే రేకులను అతికేది) తర్వాత ఆ సీసాన్ని తప్పించింది. అయినా సీసం టంకం వేసిన ఆహార డబ్బాలను అమెరికా నిషేధించడానికి 1995 దాకా పట్టింది.

లోపలి అతుకులు ఎలా వేశారో, ఎలా పరీక్షించారో యంత్రం అమ్మేవారు రాసివ్వాలి. మీ పత్రికలో నిపుణులతో దీని మీద వివరంగా రాయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు