మొదటి విమానాన్ని మనం చూడలేదురా శీనూ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో వాదన మంచి పట్టు మీదున్నప్పుడు మీ ఆవిడ పిలుస్తోందని పెట్టేశావు. మళ్ళీ చేస్తానన్నావు, చెయ్యలేదు. వాట్సాప్‌లో రాస్తే రెండు లైన్లు చదివి బొటనవేలి బొమ్మ పెట్టి తప్పించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. ఇవాళ నాకు వీక్లీ ఆఫ్. పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్ళారు. ఇంట్లో అడ్డుపడేవాళ్ళు లేరు కాబట్టి దంచి రాస్తున్నా, కాఫీ పెట్టుకుని కూర్చో.

నువ్వన్నదేమిటి? 2001 సెప్టెంబర్ 11న హాస్టల్ టీవీ రూమ్‌లో మనిద్దరం మొదటి విమానం న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్‌ని గుద్దుకోవడం లైవ్‌లో చూశామని. ఒట్టు కూడా వేశావు. చూళ్ళేదురా బాబూ. మనమే కాదు, ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్ళెవరూ చూడలేదు. మొదటి విమానం ఉత్తరపు టవర్‌ని గుద్దింది న్యూయార్క్‌లో ఉదయం 8:46కి, అంటే మనకి సాయంత్రం 6:16. దాన్ని ఏ చానెలూ లైవ్‌లో చూపించలేదు. సీఎన్ఎన్ 8:49కి పొగలు కక్కుతున్న టవర్‌తో మొదలుపెట్టింది. లోకమంతా కళ్ళారా చూసింది 9:03కి వచ్చిన రెండో విమానాన్ని. మనం మెస్‌లో టీ తాగుతుంటే ఎవడో అరుచుకుంటూ వచ్చాడే, అప్పటికి అది కూడా అయిపోయి ఉంటుందని నా అనుమానం.

మరి మొదటి విమానం వీడియో ఎక్కడిదంటావా? జూల్ నోదే అని ఒక ఫ్రెంచ్ కుర్రాడు, అన్నతో కలిసి న్యూయార్క్ ఫైర్ స్టేషన్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడు. ఆ ఉదయం గ్యాస్ వాసన వస్తోందని ఎవరో ఫోన్ చేస్తే ఫైర్ వాళ్ళు వెళ్ళారు. వాళ్ళ వెంట ఇతనూ కెమెరా పట్టుకుని వెళ్ళాడు. రోడ్డు మీద గ్యాస్ చెక్ చేస్తుంటే నెత్తిమీద విమానం మోత వినిపించింది. కెమెరా పైకి తిప్పాడు. అంతే, దొరికింది. అది టీవీలో వచ్చింది తర్వాత. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నువ్వు చూసింది అదే, కాకపోతే ఇంకో రోజు చూశావు.

బాధపడకు, నీకు గొప్ప తోడున్నాడు. సాక్షాత్తూ అప్పటి అమెరికా ప్రెసిడెంట్ బుష్! ఆ ఉదయం ఆయన ఫ్లోరిడాలో సారసోటా అనే ఊళ్ళో చిన్నపిల్లల బడికి వెళ్ళాడు కదా. డిసెంబర్‌లో ఒక సభలో ఎవరో అడిగితే, క్లాసులోకి వెళ్ళే ముందు బయట టీవీలో విమానం టవర్‌ని గుద్దడం చూశానని చెప్పాడు. కొన్ని వారాల తర్వాత ఇంకో సభలోనూ ఇంచుమించు అదే మాట. కానీ ఆయన క్లాసులోకి వెళ్ళేనాటికి ఆ దృశ్యం ఏ టీవీలోనూ రాలేదు. కుట్ర సిద్ధాంతాలవాళ్ళకి పండగే పండగ! చూశావా, ప్రెసిడెంట్‌కి ముందే తెలుసు, రహస్య వీడియో చూపించారు అని మొదలెట్టారు. నాకైతే ఇందులో కుట్రా లేదు, కాకరకాయా లేదు. ఆయనకీ నీకూ వచ్చిన జబ్బు ఒక్కటే, తర్వాత చూసిందాన్ని అప్పుడే చూశామనుకోవడం.

ఈ జబ్బు మీద పరిశోధన చేసిన పెద్దాయన ఉల్రిక్ నైసర్. సైకాలజీ ప్రొఫెసర్. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకి పేలిపోయింది. అందులో ఒక స్కూల్ టీచర్ కూడా ఉంది, క్రిస్టా మెకాలిఫ్. మర్నాడు పొద్దున్నే ఈయన ఎమరీ యూనివర్సిటీలో పిల్లలకి కాగితాలు పంచి, వార్త నీకెలా తెలిసింది, ఎక్కడున్నావు, ఎవరు చెప్పారు అని రాయించుకున్నాడు. రెండున్నరేళ్ళు దాటాక వాళ్ళలో దొరికినవాళ్ళని, 44 మందిని, మళ్ళీ అదే అడిగాడు. మొదటి రోజు టీవీలోనే మొదట చూశామన్నవాళ్ళు ఐదోవంతు. ఇప్పుడు దాదాపు సగం! క్లాసులో ఎవరో చెప్తే విన్న పిల్ల కూడా రూమ్‌మేట్‌తో కూర్చుని టీవీలో చూశానంటోంది. వాళ్ళ చేతిరాతే వాళ్ళకి చూపించినా, రాత నాదే కానీ నాకు గుర్తున్నది ఇలా కాదు అన్నవాళ్ళున్నారు. నిజానికి ఆ పేలుడుని లైవ్‌లో చూసినవాళ్ళు తక్కువే. అప్పటికి షటిల్ ప్రయోగాలు జనానికి పాతబడిపోయాయి. పెద్ద నెట్‌వర్కులు మామూలు ప్రోగ్రాములు వేసుకుంటున్నాయి. దేశమంతటికీ లైవ్ ఇచ్చింది సీఎన్ఎన్ ఒక్కటే. టీచర్ వెళ్తోంది కాబట్టి బళ్ళలో పిల్లలు మాత్రం నాసా సిగ్నల్ మీద చూశారు, పాపం.

ఇంకో తమాషా, ఆ నైసర్‌కే ఈ జబ్బుంది. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ వార్త వచ్చినప్పుడు తాను రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటున్నానని ఆయనకి బాగా గుర్తు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకే అనుమానం వచ్చింది, డిసెంబర్ చలిలో బేస్‌బాల్ ఎక్కడిది అని. తర్వాత ఇంకెవరో తవ్వి తీశారు. ఆ రోజు రేడియోలో న్యూయార్క్ జెయింట్స్‌కీ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్ వచ్చింది. అవే పేర్లతో బేస్‌బాల్ జట్లు కూడా ఉండేవి. జ్ఞాపకం పేర్లు సరిగ్గా పట్టుకుంది, ఆటే మార్చేసింది.

ఇప్పుడు మీ న్యూజెర్సీ సంగతి. మీ ఎడిసన్ నుంచి గంటలోపు కారులో వెళ్తే లేక్‌హర్స్ట్ వస్తుంది. 1937 మే 6 సాయంత్రం హిండెన్‌బర్గ్ అనే జర్మన్ జెప్పెలిన్, అంటే గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడ, అక్కడ దిగుతూ దిగుతూ కాలిపోయింది. 97 మంది ప్రయాణిస్తే 35 మంది పోయారు, కింద ఉన్న పనివాడు ఒకడు. షికాగో డబ్ల్యూఎల్ఎస్ రేడియో నుంచి హెర్బర్ట్ మారిసన్ అనే అతను ఆ రోజు మాటలు రికార్డు చేస్తున్నాడు. ఏడుపు గొంతుతో ఆయన అరిచిన అరుపు నువ్వూ వినే ఉంటావు. ఆ ప్రమాదం లైవ్‌లో విన్నామని చెప్పుకునేవాళ్ళు అమెరికాలో బోలెడుమంది ఉండేవారు. కానీ అది లైవ్ కాదు. పెద్ద డిస్కుల మీద సూదితో గీసిన రికార్డింగ్. వాటిని షికాగో పట్టుకెళ్ళాకే వేశారు. రికార్డు చేసిన వార్తలు వెయ్యకూడదని నియమం పెట్టుకున్న ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్క్ కూడా మర్నాడు దీని కోసం దాన్ని పక్కన పెట్టింది. పైగా ఆ మిషన్ కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల, తర్వాత వేసినప్పుడు గొంతు కీచుగా, ఆత్రంగా వినిపిస్తుంది. అసలు మారిసన్‌ది అంతకంటే లోతైన గొంతు. ఇక సినిమా హాళ్ళకోసం తీసిన న్యూస్‌రీల్ వేరు, ఈ మాటలు వేరు. రెండూ కలిపి అతికించింది తర్వాతివాళ్ళు. ఇప్పుడు ఏ డాక్యుమెంటరీలో చూసినా మంటలూ ఆ అరుపూ ఒకేసారి వస్తాయి. ఆ అతుకునే మనం చరిత్ర అంటున్నాం.

అన్నింటికంటే నాకు పిచ్చి పట్టించేది మాత్రం కెనడీ హత్య. పత్రిక డెస్క్‌లో పనిచేసేవాడిని కదా, ఆ నాలుగు రోజుల కథ ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. 1963 నవంబర్ 22, డల్లాస్‌లో మధ్యాహ్నం 12:30. మనకి సరిగ్గా అర్ధరాత్రి. మనవాళ్ళలో చాలామందికి తెల్లారాకే రేడియోలో తెలిసి ఉంటుంది. కాన్వాయ్‌లో ప్రెస్ కారు ఒకటి, దానిలో రేడియో టెలిఫోన్ ఒకే ఒక్కటి. ముందు సీట్లో యూపీఐ (యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్) వార్తాసంస్థ రిపోర్టర్ మెరిమన్ స్మిత్, వెనక సీట్లో దాని పోటీ సంస్థ ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) రిపోర్టర్ జాక్ బెల్. తూటాల చప్పుడు వినగానే స్మిత్ ఫోన్ లాక్కున్నాడు. కాన్వాయ్ మీద మూడు తూటాలు పేలాయని డిక్టేట్ చేశాడు. కారు ఆస్పత్రి వైపు దూసుకెళ్తోంది. వెనక నుంచి బెల్ ఫోన్ ఇమ్మని అరుస్తున్నాడు. స్మిత్ ఇస్తేనా! లైను సరిగ్గా లేదు, నేను చెప్పింది మళ్ళీ చదివి వినిపించు అని ఆఫీసువాళ్ళతో కాలక్షేపం. బెల్ తన వీపు మీద గుద్దుతుంటే వంగి కూర్చుని ఫోన్ కరిచి పట్టుకున్నాడట. నాలుగు నిమిషాల్లో వార్త దేశమంతా టెలిప్రింటర్ల మీదికి ఎక్కేసింది. మరుసటి ఏడాది స్మిత్‌కి పులిట్జర్ అవార్డు ఇచ్చారు. మా సీనియర్ ఒకాయనకి ఈ కథ చెప్తే, వాడు రిపోర్టరా, బస్సులో సీటుకి కర్చీఫ్ వేసినవాడా అన్నాడు.

ఇక టీవీ. సీబీఎస్‌లో మధ్యాహ్నం సీరియల్ నడుస్తోంది. ఆ రోజుల్లో సీరియల్ కూడా లైవ్‌గానే నటించేవాళ్ళు. న్యూయార్క్ టైమ్ 1:40కి, అంటే డల్లాస్‌లో 12:40కి, మధ్యలో వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు వచ్చింది, బొమ్మ రాలేదు! తెర మీద బులెటిన్ అనే అక్షరాలు మాత్రమే. ఎందుకంటే ఆనాటి స్టూడియో కెమెరాల ట్యూబులు వేడెక్కడానికి దాదాపు ఇరవై నిమిషాలు పట్టేది, న్యూస్‌రూమ్ కెమెరా ఆపేసి ఉంది. ప్రెసిడెంట్‌కి తూటాలు తగిలాయన్న వార్త, వెంటనే కాఫీ ప్రకటన, మళ్ళీ సీరియల్! అందులో నటులు ఏమీ తెలియక డైలాగులు చెప్పుకుంటూ పోతున్నారు. 2 గంటలకి క్రాంకైట్ కోటు లేకుండా ఉత్త చొక్కాతో తెర మీదికొచ్చాడు. 2:38కి చేతికి కాగితం అందింది. చావు కబురు చదివి, కళ్ళజోడు తీసి, గోడ గడియారం వైపు చూసి, టైమ్ చెప్పాడు. గుటక వేశాడు. అమెరికాలో ఆ వయసువాళ్ళు ఎవర్నడిగినా కెనడీ హత్య అంటే ఆ గుటకే చెప్తారు.

ఎందుకంటే హత్యని టీవీలో చూసినవాడు లేడు. డల్లాస్ లోకల్ చానెళ్ళు విమానాశ్రయంలో దిగడాన్ని లైవ్‌గా చూపించాయి కానీ, తూటాలు పేలిన చోట లైవ్ కెమెరా లేదు. తీసింది బట్టల వ్యాపారం చేసుకునే జప్రూడర్ అనే ఆయన, ఇంట్లో వాడుకునే 8 ఎంఎం కెమెరాతో. మొత్తం 26 సెకన్లు. లైఫ్ పత్రిక దాన్ని 1,50,000 డాలర్లకి కొనేసి కొన్ని ఫ్రేములు నలుపుతెలుపులో వేసింది, మరీ ఘోరమైనది దాచేసింది. కదిలే బొమ్మగా దేశమంతటికీ టీవీలో వచ్చింది 1975 మార్చిలో, ఏబీసీ చానెల్‌లో రాత్రిపూట ప్రోగ్రామ్‌లో. హత్య జరిగిన పదకొండేళ్ళు దాటాక! అయినా 1963లోనే చూశామనేవాళ్ళు కొల్లలు.

లైవ్‌లో నిజంగా చూసింది రెండో హత్య. ఆదివారం పొద్దున, కెనడీని చంపాడని పట్టుకున్న ఆస్వాల్డ్‌ని జిల్లా జైలుకి తరలిస్తుంటే, పోలీస్ ఆఫీస్ బేస్‌మెంట్‌లో జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ యజమాని వచ్చి కాల్చాడు. ఎన్‌బీసీలో అది అలాగే ఇళ్ళల్లోకి వెళ్ళిపోయింది. ఇక్కడే నాకు మండుతుంది. ఆ బేస్‌మెంట్ నిండా కెమెరాలూ తీగలూ రిపోర్టర్లూ ఎందుకున్నారు? తరలింపు ఎప్పుడో పోలీస్ చీఫే ముందు రోజు విలేకరులకి చెప్పాడు. పదింటికి రండి, ఏమీ మిస్సవరు అన్నట్టు. ఆ గుంపులో ఒకడు ఎక్కువైతే ఎవడు గమనిస్తాడు? తర్వాత కెనడీ హత్య మీద విచారణ జరిపిన వారెన్ కమిషన్ పోలీసులని తిట్టి ఊరుకోలేదు, మీడియాకి కూడా ఇందులో బాధ్యత ఉందని రాసింది. అక్కడ కెమెరా చూడ్డానికి వచ్చింది సరే, అది అంతలా రాకపోతే చూడ్డానికి ఏమీ ఉండేది కాదేమో. ఇది మా వృత్తిలో ఎవడికీ నచ్చని మాట. ఆఫీసులో అంటే టీ కూడా ఇప్పించరు.

అయితే లైవ్ కాకపోతే పస తగ్గుతుందనుకోకు. 1965 మార్చి 7న అలబామాలో సెల్మా వంతెన మీద ఓటు హక్కు అడుగుతూ నడుస్తున్న నల్లవాళ్ళని పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో కొట్టారు. అప్పుడు శాటిలైట్ వ్యాన్లు ఎక్కడివి? ఫిల్ము డబ్బాలు విమానంలో న్యూయార్క్ చేరేసరికి రాత్రయింది. ఆ రాత్రి ఏబీసీలో, నాజీ నేరగాళ్ళ విచారణ మీద తీసిన సినిమా వేస్తున్నారు. కోట్లమంది చూస్తున్నారు. దాన్ని మధ్యలో ఆపి సెల్మా చూపించారు. ఎవరూ ప్లాన్ చేసింది కాదు. కానీ జర్మన్ల ఘోరాలు చూస్తున్న జనం కళ్ళ ముందు తమ సొంత పోలీసులు ప్రత్యక్షమయ్యారు. ఎనిమిది రోజులకి ప్రెసిడెంట్ జాన్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి చట్టం అడిగాడు, ఆగస్టు 6న సంతకం పెట్టాడు. ఫిల్ము మధ్యాహ్నమే చేరి సాయంత్రం వార్తల్లో ఇరవై వార్తల మధ్య వచ్చుంటే అంత దెబ్బ తగిలేదా? తగిలేది కాదని నా నమ్మకం. నేను ఎడిషన్లు కట్టేవాడిని. పక్కన ఏ వార్త ఉందన్నది ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

చంద్రుడి మీద దిగడం గురించి కూడా రాద్దామనుకున్నా కానీ చెయ్యి నొప్పెడుతోంది. మన వైపు అది చూసినవాళ్ళే లేరు. హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చిందే 1977లో. మా నాన్న మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టడం చూశానంటాడు. 1969లో మా ఊళ్ళో ఉన్నది పంచాయతీ రేడియో ఒక్కటే. నేనేమీ అనను, ఆయన వయసుకి గౌరవం. నీకా గౌరవం లేదు.

లేక్‌హర్స్ట్‌లో ఆ చోటు ఇప్పుడు మిలటరీ స్థావరం లోపల ఉంది. ముందే పేరు రాయించుకుంటే టూర్ ఉంటుందంటున్నారు, కనుక్కో. వెళ్తే ఫోటోలు పంపు, నీ సెల్ఫీలు కాదు, నేల ఫోటోలు. మా ఆవిడ మీ ఆవిడని ఆ గోంగూర మొక్క బతికిందా అని అడగమంది. సంక్రాంతికి టికెట్లు తీశావా లేదా ఇప్పుడే చెప్పు, భీమవరంలో రూములు ముందే అయిపోతాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, నువ్వు పంపిన బెల్టు పెట్టుకుంటోంది.

ఉంటానురా,
నీ ప్రసాద్