తోట వేస్తానంటున్నావుగా, ముందు ఇది చదువు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. "ఇంటి వెనక జాగాలో ఇంటిల్లిపాదికీ సరిపడా పండించేస్తాను, ఇక బయట ఏదీ కొనేది లేదు" అని రాశావు చూడు, ఆ ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. పడీపడీ నవ్వింది. నిన్ను చూసి కాదులే. మూడేళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే మాట అన్నానట, చేత్తో పార కూడా పట్టుకుని.

నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు గానీ, పార పట్టుకునే ముందు కాగితం మీద కాస్త లెక్క వేద్దాం. బంగాళదుంపనే తీసుకో. తక్కువ చోటులో కడుపు నింపే పంటల్లో అది ముందు వరసలో ఉంటుంది. ఇంటి తోటలో చదరపు మీటరుకి మూడు కిలోలు వస్తే బాగా వచ్చినట్టే. 100 గ్రాముల దుంపలో సుమారు 77 కేలరీలుంటాయి కాబట్టి మూడు కిలోలంటే 2,300 పైచిలుకు. అంటే ఒక చదరపు మీటరు ఒక మనిషికి ఒక్క రోజు తిండి. మీరు నలుగురు. ఏడాదికి ఒకే పంట అనుకుంటే 1,460 చదరపు మీటర్లు కావాలి, అదీ మూడు పూటలా దుంపలే తినడానికి ఒప్పుకుంటే. నీ దగ్గరున్నది 150. అంటే దాదాపు 180 గజాలు. దుంపల రాజ్యం కట్టే ఆలోచన ఉంటే మానుకో.

ఇప్పుడు కూరగాయల లెక్క చూడు, ఇది అంత దిగులు పెట్టదు. మనిషికి రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నలుగురికి 1.6 కిలోలు, ఏడాదికి 584 కిలోలు. నీ 150లో నడవడానికి దారులూ, కంపోస్టు గుంటకి చోటూ తీసేస్తే మడులుగా మిగిలేది 100 అనుకో. మడి ఖాళీగా పడి ఉండకుండా ఒక పంట వెనక ఇంకోటి వేస్తూ పోతే మీటరుకి ఏడాది మొత్తం మీద నాలుగైదు కిలోలు తీయొచ్చు. అంటే మీ ఇంటి అవసరంలో ముప్పావు వంతు. సోవియట్ కాలంలో పట్నం కుటుంబాలకి తోట కోసం ఇచ్చిన ముక్క మామూలుగా 600 చదరపు మీటర్లు. బ్రిటన్‌లో అలాట్‌మెంటు అని ఇచ్చే జాగా పాత కొలత ప్రకారం సుమారు 250. అంత జాగా ఉన్నవాళ్ళు కూడా అందులో దుంపలూ కూరలే పండించుకున్నారు గానీ, రొట్టెకి గోధుమలు బయట నుంచే తెచ్చుకున్నారు. కాబట్టి గింజలు కొనడం నీకేం నామోషీ కాదు.

అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉందిరా. 584 కిలోలు అని రాస్తే బాగానే ఉంటుంది, కానీ నువ్వు తినేది ఏడాదికోసారి కాదు కదా. మొదటి ఏడు నేను 24 టమాటా మొక్కలు ఒకే ఆదివారం నాటాను. అన్నీ ఒకే మూడు వారాల్లో పండాయి. వంటింట్లో, మెట్ల మీద, మంచం కింద టమాటాలే. చివరికి మా గేటు చప్పుడైతే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకునేదాకా వచ్చింది. ఆ మూడు వారాలూ అయ్యాక రెండు నెలల పాటు మళ్ళీ సంచి పట్టుకుని అందరిలాగే బయటికి పరిగెత్తాం. ఆ ఏడాది మొత్తం దిగుబడి చెబితే నువ్వు శభాష్ అంటావు. తిన్నది చెబితే అనవు.

అందుకే ఎంత పండిందన్నది పట్టించుకోవడం మానేశాను. ఎప్పుడు పండిందన్నదే చూస్తాను. వంటింటి తలుపు వెనక ఒక క్యాలెండరు తగిలించాను, అదే ఇప్పుడు మా అసలు తోట. తినాలనుకున్న రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తే రోజు రాసుకుంటాను. ముల్లంగి 25 నుంచి 30 రోజుల్లో చేతికొస్తుంది, పొద బీన్స్‌కి 50 నుంచి 60, టమాటాకి నారు నాటాక 60 నుంచి 80. ముల్లంగి రెండు వారాలకోసారి ఒక జానెడు వరస, అంతే. విత్తనాల ప్యాకెట్టు విప్పితే మొత్తం చల్లేయాలని చెయ్యి ఊరుకోదు చూడు, ఆ చేతిని కట్టేసుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఓ మూలన నారు ట్రే ఎప్పుడూ ఉండాలి. మడిలో ఒక మొక్క పీకిన రోజే దాని చోటికి ఇంకోటి సిద్ధంగా ఉండాలి. ఖాళీ మడిని చూస్తే నాకిప్పుడు లైటు ఆర్పకుండా వదిలేసిన గదిలా అనిపిస్తుంది.

మట్టి సంగతి. ఊరి శివార్లలో ఇళ్ళు కట్టేటప్పుడు పైమట్టిని గీకేసో, పునాది మట్టి కింద పూడ్చేసో పోతారు. నాకు మొదటి రోజు గునపానికి తగిలినవి: కంకర, గట్టిపడ్డ సిమెంటు ముద్దలు, చుట్టచుట్టిన తీగ, ఒక చెంచా. వానపాము మాత్రం ఒక్కటీ లేదు. ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. మీది పాత ఇల్లు అన్నావు, పక్కనే రోడ్డుంది. పాత రంగుల్లో సీసం ఉండేది, పెట్రోల్లోనూ కలిపేవారు. కార్లకి సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం కూడా 2021లో ఆపేసింది గానీ, మట్టిలో పడిన సీసం ఎక్కడికీ పోదు, అక్కడే కూర్చుంటుంది. మట్టి పరీక్ష చేయించేదాకా గోడ పక్కనా రోడ్డు వైపూ ఆకుకూరలు, దుంపలు వేయకు. మట్టి, దుమ్ము ఎక్కువగా పట్టుకునేవి అవే. టమాటా లాంటి కాయల్లోకి చేరేది చాలా తక్కువ. మీ చిన్నది మట్టిలో ఆడుకుంటుంది కూడాను. అక్కడ పూలమొక్కలు పెట్టేయ్. తినేవాటికి ఎత్తు మడులు కట్టి మంచి మట్టి తెచ్చి నింపు.

కంపోస్టు గురించి పేజీలు రాయగలను, రాయను. వంటింటి తొక్కలే పోశానా, మురిగి కంపు కొట్టింది. ఆ దెబ్బకి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. పుస్తకాలు కార్బనూ నత్రజనీ 25 నుంచి 30కి ఒకటి పాళ్ళలో ఉండాలంటాయి. చేతి లెక్కలో చెప్పాలంటే, నత్రజని ఎక్కువుండే పచ్చిది (తొక్కల్లాంటివి) ఒక బకెట్టు పోస్తే, కార్బను ఎక్కువుండే ఎండుటాకులు రెండు మూడు బకెట్లు. కుప్ప సరిగ్గా పేరిస్తే లోపల 55 డిగ్రీలు దాటి కాగుతుంది, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. మొదటిసారి ఆ కుప్పలోంచి పొద్దున్నే ఆవిరి లేస్తుంటే నేను నిద్ర లేపని మనిషి లేడు ఇంట్లో.

నీళ్ళు నువ్వు అనుకున్నదానికన్నా ఎక్కువ కావాలి. మడికి వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల తడి అందాలనుకుంటే చదరపు మీటరుకి 25 లీటర్లు, నీ 100కి 2,500. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఇంటి కప్పు 100 చదరపు మీటర్లుంటే 10 మిల్లీమీటర్ల వానకి వెయ్యి లీటర్ల దాకా జారిపోతుంది, గొట్టం పెట్టి పట్టుకో. మొక్కల మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డో ఆకులో నాలుగు వేళ్ళ మందాన పరిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. నేను ఒకరోజు ముంచి, నాలుగు రోజులు మరిచిపోయేవాణ్ణి. టమాటా కాయల అడుగున తోలులా నల్లటి మచ్చలు వచ్చాయి. కాల్షియం అందకపోతే అలా వస్తుందని ఎవరో చెబితే గుడ్డు పెంకులు నూరి పోశాను. ఏమీ మారలేదు. మట్టిలో కాల్షియం బాగానే ఉంది, అది కాయదాకా చేరడానికి నీళ్ళే సమంగా అందలేదు. నూరిన చెయ్యి మాత్రం నొప్పెట్టింది.

జాగా చాలదనిపిస్తే పైకి చూడు. పందిరి మీదికి ఎక్కిన చిక్కుడూ దోసా నేల మీద అడుగు చోటు కూడా అడగవు. దాని నీడ మిగతా మడుల మీద పడని వైపు వెయ్యి, అంతే. గుమ్మడి పెడితే మాత్రం కంగారు పడకు. ముందు వచ్చే పూలన్నీ సాధారణంగా మగవే. నేను రోజూ రాలిన పూలు లెక్కపెట్టుకుంటూ దిగులుగా తిరిగాను. తర్వాత కింద బుల్లి పిందె ఉన్న పువ్వొచ్చింది, అది ఆడది. తేనెటీగలు రాకపోతే పొద్దున్నే మగపువ్వు కోసి దాని పుప్పొడి ఆడపువ్వుకి తాకించాలి. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోతుంది. ఆ పని చేస్తూ దొరికిపోయినప్పుడు నాకు ఇంట్లో పెట్టిన పేరు ఇక్కడ రాయలేను.

పురుగుల విషయంలో నేను చేసిన పాపం ఒకటుంది. బీన్స్ కొసలకి పేనుబంక పట్టింది, అదే, రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు. వాటి మధ్య నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసళ్ళలా ఏవో పాకుతున్నాయి. ఇవే దొంగలని ఒక్కొక్కదాన్నీ ఏరి నలిపేశాను. తర్వాత తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలట. పేనుబంకని తినడానికే వచ్చాయి! ఇప్పుడు పేనుబంక కనిపిస్తే నీళ్ళు గట్టిగా కొట్టి వారం ఆగుతాను.

సెలవులకి ఊరెళ్ళాలంటే ఏం చేస్తావని అడిగావు. వెళ్ళం, అదే జవాబు. రోజూ పొద్దున్న ముప్పావుగంట, ఆదివారం సగం పూట దీనికే పోతుంది. ఇది మాత్రం ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకో, నాలా తర్వాత బతిమాలుకోకు.

ఇప్పుడప్పుడే ఏమీ తవ్వకు. వచ్చే ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటకోసారి బయటికొచ్చి, నీడ ఎక్కడెక్కడ పడుతోందో కాగితం మీద గీసి నాకు పంపు. ఆరు గంటలకి తక్కువ ఎండ తగిలే చోట కాయలు ఆశించకు, ఆకుకూరలు పెట్టుకుందాం.

కవర్లో బీన్స్ గింజలు పెట్టాను. మావే, హైబ్రిడ్ కాదు, కాబట్టి వాటి నుంచి మళ్ళీ గింజ కట్టుకోవచ్చు. నలభై ఉన్నాయి. పదేసి చొప్పున, రెండు వారాలకోసారి వెయ్యి. అన్నీ ఒకేరోజు వేశావని తెలిస్తే మీ ఇంటికొచ్చి మరీ తంతాను.

నీ
పాత జతగాడు