తలుపులు ఎవరు మూశారని అడిగింది మా అత్తమ్మ

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేముల నుంచి పుట్టిన జాంబీ సినిమాల మీద, అంటే చచ్చినవాళ్లు లేచి నడిచే సినిమాల మీద, మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'రెసిడెంట్ ఈవిల్' సినిమాల గురించి ప్రేక్షకులు ఏమనుకుంటున్నారో అడిగి మరీ రాశారు, సంతోషం. కానీ ఒక వాక్యం దగ్గర మనసు చివుక్కుమంది. ఇలాంటి సినిమాలు సిటీ కుర్రాళ్లకే ఎక్కుతాయని, చిన్న ఊళ్లలో వీటికి ప్రేక్షకులే లేరని రాశారు. అభిప్రాయం చెప్పినవాళ్లంతా హైదరాబాద్ మాల్స్‌లో దొరికినవాళ్లే. మా శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక్కరూ లేరు. రెండో భాగం వచ్చే వారం అని కింద వేశారు కాబట్టి, అది అచ్చయ్యేలోగా మీకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2004 నుంచి ఎనిమిదేళ్లు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక సందులో నెట్ సెంటర్ నడిపాను. ఆరు కంప్యూటర్లు, గంటకు ఇరవై రూపాయలు. పగలంతా రిజల్ట్స్ చూసుకునేవాళ్లు, అప్లికేషన్లు పెట్టుకునేవాళ్లు. సాయంత్రం ఐదు దాటితే గేములాడే గుంటలు. అందులో ఆమదాలవలస నుంచి ఆటో ఎక్కి వచ్చే ఒక ఇంటర్ కుర్రాడు మూలనున్న ఆరో నంబరు సిస్టమ్ తప్ప ఇంకోటి ముట్టుకునేవాడు కాదు. రెసిడెంట్ ఈవిల్ మొదటి ఆట ఆ కుర్రాడి వల్లే నాకు తెలిసింది. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1996లో ప్లేస్టేషన్ అనే గేమ్ మెషీన్ మీద తెచ్చిన ఆట అది, తర్వాత కంప్యూటర్‌కీ వచ్చింది. వాళ్ల దేశంలో దాని పేరు 'బయోహజార్డ్'.

కౌంటర్‌లో కూర్చుని వెనకనుంచి ఆ ఆట చూసీ చూసీ నాకూ అర్థమైంది. అడవి మధ్యలో పెద్ద బంగళా. అందులో ఇరుక్కున్న పోలీసులు. బయటపడాలి, అంతే కథ. భయం మాత్రం లెక్కల్లో ఉంటుంది. తూటాలు తక్కువ. ఆ పోలీసుల్లో క్రిస్‌గా ఆడితే సంచిలో ఆరు వస్తువులే పడతాయి, జిల్‌గా ఆడితే ఎనిమిది. మందుమొక్క తీసుకోవాలంటే తాళంచెవి వదిలెయ్యాలి. ఆడినంతవరకు దాచుకోవాలన్నా గదిలో టైప్‌రైటర్ ఉండాలి, దానికి చేతిలో ఇంకు రిబ్బను ఉండాలి. ఆ రిబ్బన్లు కూడా లెక్కకే దొరుకుతాయి. కెమెరా గది మూలన ఎక్కడో కదలకుండా ఉంటుంది కాబట్టి, మలుపు అవతల ఎవరో కాళ్లీడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది గానీ మనిషి కనపడడు. ప్రతి తలుపూ నల్లటి తెర మీద మెల్లగా తెరుచుకుంటుంది. తర్వాతి గది లోడ్ అవడానికి మెషీన్‌కు టైమ్ కావాలి కాబట్టి అలా పెట్టారట. మాకు మాత్రం ఆ నాలుగు సెకన్లూ గుండె దడే.

ఒకరోజు ఆ కుర్రాడు పొడుగాటి వసారాలాంటి చోట నడిపిస్తున్నాడు. కిటికీ అద్దం పగలగొట్టుకుని కుక్క లోపలికి దూకింది. వాడి వేలు కీ మీద నుంచి జారిపోయింది. చూపుడువేలి గోరు కొరుక్కుని కొరుక్కుని కింద చర్మం ఎర్రగా ఉండేది, ఆ వేలితోనే మళ్లీ వెతుక్కుని నొక్కాడు. నాలుగు తూటాలుంటే రెండు కాల్చాడు, మిగిలినవి దాచుకుని పరుగెత్తించాడు. ఇంకో రోజు రెండు గంటలు ఆడాక కరెంటు పోయింది. ఆరో నంబరుకి యూపీఎస్ లేదు. చేతిలో ఒక్క రిబ్బను ఉంటే, ముందు ముందు కావాలని వాడకుండా దాచుకున్నాడట. చీకట్లో కాసేపు అలాగే కూర్చున్నాడు. డబ్బులొద్దు బాబూ అన్నా వినకుండా నలభై రూపాయలు కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆట తెలిసినవాళ్లకు సినిమా నచ్చలేదని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు నచ్చలేదో ఎవరినీ అడగలేదు.

2005 వేసవిలో ఒక రాత్రి షట్టర్ సగం దించి, పెద్ద మానిటర్ ఉన్న సిస్టమ్‌లో మొదటి సినిమా పెట్టుకున్నాం. పాల్ డబ్ల్యు. ఎస్. ఆండర్సన్ తీసింది, 2002లో వచ్చింది, మిల్లా జోవోవిచ్ హీరోయిన్. ఈ కుర్రాడు, వాడి స్నేహితులు ముగ్గురు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి, నేను. మా మామగారు పోయాక కవిటి వైపు నుంచి మా దగ్గరికి వచ్చేసిన మా అత్తమ్మ స్టూలు మీద కూర్చుంది. సినిమా ఇంగ్లిష్‌లో ఉంది. కుర్రాడే పక్కన నిలబడి ఆవిడకు తెలుగులో చెప్పాడు.

వాడికి అరగంటకే కోపం వచ్చేసింది. ఆటలో లేని ఆలిస్ అనే పాత్రను తెచ్చి కథంతా ఆమె మీద నడిపారని మొదటి కోపం. అది అభిమానం కొద్దీ వచ్చింది, దాన్ని వదిలేద్దాం. రెండో మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. సినిమాలోనూ కుక్కలు వస్తాయి. తూటాలు అయిపోయాక ఆలిస్ పరుగెత్తి గోడ మీద కాలు పెట్టి, ఎగిరి, కుక్కను తన్నేస్తుంది. వాడు నా వైపు తిరిగి, "ఆంటీ, ఈవిడకు భయమే లేదు, ఇంక నాకెందుకేస్తుంది?" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు చెప్పిన విమర్శ ఇది. ఆటలో భయం ఎక్కడినుంచి పుడుతుందో, సినిమా దాన్ని ఎక్కడ వదిలేసిందో ఒక్క మాటలో పట్టుకున్నాడు. అదే నోటితో లేజర్ గది చూసి లేచి నిలబడ్డాడు. సన్నటి కాంతి గీత అటునుంచి వచ్చి మనుషుల్ని కోసుకుంటూ పోతుంది, ఆఖరికి అది వలలాగా మారి, తప్పించుకునే సందే ఉండదు. సినిమా వచ్చేనాటికి రెసిడెంట్ ఈవిల్ ఆటల్లో వేటిలోనూ అలాంటిది లేదు. ఆ తర్వాత నాలుగో ఆటలో లేజర్ల వసారా పెట్టారు. సినిమా నుంచి ఆట అప్పు తెచ్చుకుందన్నమాట.

డిగ్రీ అమ్మాయి ఆట ఎప్పుడూ ముట్టుకోలేదు. తనకు ఆలిస్సే సినిమా. జ్ఞాపకం పోయి లేచిన మనిషి, తాను ఎవరో తనకే తెలియదు, ఒంటి మీద ఎర్ర గౌను, వెంట తుపాకులు పట్టుకున్న మగవాళ్లు. కుక్కలు వచ్చి పడ్డప్పుడు ఒక్కసారిగా ఒళ్లు తనంతట తానే కదులుతుంది. "పేరు మర్చిపోయింది గానీ చేతులకు పని గుర్తుంది కదాంటీ" అంది ఆ అమ్మాయి. కుర్రాడికి నచ్చని చోటే ఆమెకు నచ్చింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మీ వ్యాసంలో ఇద్దరినీ కలిపి సగటు తీసి రెండున్నర నక్షత్రాలు వేశారు. అలా కలిపితే ఇద్దరి మాటా పోయినట్టే కదా.

ఇక మా అత్తమ్మ. అసలు ఈ ఉత్తరం ఆవిడ కోసమే.

సినిమా మొదట్లో నేల అడుగున ఒక లేబొరేటరీ ఉంటుంది, అంబ్రెల్లా అనే కంపెనీది. 500 మంది పనిచేస్తుంటారు. వైరస్ సీసా పగులుతుంది. అది పైకి రాకుండా, రెడ్ క్వీన్ అనే కంప్యూటర్ తలుపులన్నీ బిగించేస్తుంది. ఒక గదిలో నీళ్లు నింపేస్తుంది, ఇంకో గదిలో గ్యాస్ వదులుతుంది, లిఫ్టుల్ని తెంచేస్తుంది. అద్దం వెనక చేతులతో బాదుతున్న మనుషుల్ని చూసి అత్తమ్మ స్టూలు మీద నుంచి సగం లేచింది. "ఓలమ్మా, తలుపులేసీసినారేటే! లోపల మనుసులున్నారు కదా!" అంది. కంప్యూటర్ వేసిందమ్మా అని కుర్రాడు చెప్పాడు. "దానికెవుడు సెప్పాడు?" అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు.

ఆ వైరస్ వల్ల శవాలు లేచి నడిచినప్పుడు ఆవిడ భయపడలేదు, పాపం అంది. ఆవిడ వణికింది చివర్లో. బయటపడ్డ ఇద్దరిలో ఒకడి ఒళ్లు మారిపోతుంటుంది. ముసుగులు తొడుక్కున్నవాళ్లు వచ్చి అతన్ని బల్ల మీద కట్టి తీసుకుపోతారు, ఆలిస్‌ను పట్టుకుని ఇంకోచోటికి లాక్కుపోతారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆడినెక్కడికి తీసుకెల్తన్నారు? ఆడి ఇంటోళ్లకి సెప్పారా?" అంది.

మీకు ఉద్దానం గురించి నేను చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసుకునే మనుషులు కిడ్నీలు పాడై పోతున్నారు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. మా మామగారూ అలాగే పోయారు. ఆయన బతికుండగా ఎవరో వచ్చి ఇంటింటా రక్తం తీసుకున్నారు, మూత్రం సీసాల్లో పట్టుకెళ్లారు, చీటీ మీద నంబరు రాసిచ్చారు. ఆ పరీక్షలో ఏం తేలిందో మాకెవరూ తిరిగి చెప్పలేదు. ఆ చీటీ అత్తమ్మ ఇనప్పెట్టెలో చాలాకాలం ఉంది. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేననను, మంచికే వచ్చి ఉంటారు. సినిమా కంపెనీకీ వాళ్లకూ పోలిక పెట్టడం లేదు. కానీ తెర మీద ఆ మనిషిని తీసుకుపోతుంటే ఆవిడ అడిగిన ప్రశ్న, ఆ ఇంట్లో అన్నేళ్లు అడగలేకపోయిన ప్రశ్నే. ఇంగ్లిష్ రాదు, ఆట తెలియదు, జాంబీ అన్న మాట ఆ రాత్రే మొదటిసారి విన్నది. ఆ సినిమా ఎవరి గురించో మా అందరికంటే ముందు ఆవిడకే అర్థమైంది.

ఇలాంటి ప్రేక్షకురాలు చిన్న ఊళ్లో లేదని ఎలా రాస్తారండీ?

2004లో రెండోది వచ్చింది, అక్కడినుంచి 2016లో వచ్చిన ఆరోదాని దాకా ఆ వరుస నడిచింది. ఆరూ కలిపి ప్రపంచమంతా 120 కోట్ల డాలర్లు దాటించాయి. మా సెంటర్ గుంటలు ఒక్కొక్కటీ చూసి, తిట్టి, తర్వాతిది ఎప్పుడా అని అడిగేవాళ్లు. వాటి గురించి ఎక్కువ చెప్పను, రాను రాను తుపాకులు పెరిగాయి, మనుషులు తగ్గారు. 2012లో సెంటర్ మూసేశాను, అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లు వచ్చేశాయి.

2021లో ఆలిస్ లేకుండా, మొదటి రెండు ఆటల కథనే తీసుకుని 'వెల్‌కమ్ టు రకూన్ సిటీ' తీశారు. ఆమదాలవలస కుర్రాడు ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. బంగళా హాలు అచ్చం ఆటలో ఉన్నట్టే కట్టారట, పోలీస్ స్టేషనూ అంతేనట. నేను సంతోషించాను, పదహారేళ్లుగా వాడు అడిగింది అదే కదా. "అన్నీ ఉన్నాయాంటీ, ఆ తలుపు తీసేటప్పటి నాలుగు సెకన్లు లేవు" అన్నాడు. గోడలు, మెట్లు, పేర్లు ఉన్నవి ఉన్నట్టు తెచ్చినా సరిపోదని వాడే ఒప్పుకున్నాడు. ఆలిస్‌ను అంతగా తిట్టాల్సింది కాదేమో అని కూడా అన్నాడు. మన తెలుగులో 'జాంబీ రెడ్డి' వచ్చిందీ ఆ ఏడాదే. అందులో హీరో గేములు తయారుచేసేవాడు, కథ రాయలసీమలో. అది చూసినప్పుడు మాత్రం వాడు ఆట లెక్కలేవీ తియ్యలేదట, ఇంట్లో అందరితో కలిసి కూర్చుని చూశాడట.

మీరు అచ్చువేసిన అభిప్రాయాలన్నీ "బాగుంది", "టైమ్‌పాస్", "స్టోరీ లేదు", "యాక్షన్ సూపర్" అనే నాలుగు మాటల్లో అయిపోయాయి. అందులో ప్రేక్షకుల తప్పు లేదు. హాలు బయట మైకు పెట్టి ఎలా ఉంది అని అడిగితే ఎవరైనా అంతే చెబుతారు. రెండో భాగానికి మీ విలేకరిని శ్రీకాకుళానికో విజయనగరానికో పంపండి. హాలు దగ్గరే ఉండక్కర్లేదు, ఇప్పుడు చాలామంది ఇంట్లో ఫోన్‌లోనే చూస్తున్నారు. ఆట ఆడారా లేదా అని ముందు అడిగి, అది పేరు పక్కనే వెయ్యండి. తర్వాత ఎక్కడ భయమేసిందో అడగండి, ఎందుకేసిందో చెప్పేదాకా ఆగండి. కాస్త టైమ్ పడుతుంది. వాళ్ల మాట వాళ్ల యాసలోనే వెయ్యండి, దిద్దకండి.

ఆ మొదటి సినిమా ఆఖర్లో ఆలిస్ ఆసుపత్రి నుంచి బయటికి వస్తే ఊరంతా నిర్మానుష్యం. ఆగిపోయిన కార్లు, రోడ్డు మీద ఎగురుతున్న కాగితాలు. అందులో ఒక పత్రిక కనిపిస్తుంది, చచ్చినవాళ్లు నడుస్తున్నారని దాని మీద పెద్ద అక్షరాలు. 2020 లాక్‌డౌన్‌లో డే అండ్ నైట్ జంక్షన్‌లో ఒక్క ఆటో కూడా లేని పొద్దున డాబా మీద నిలబడి నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది. అప్పటికి అత్తమ్మ ఉంది. మీ పత్రిక రాని రోజుల్లో ప్రతి ఉదయం గేటు దాకా వెళ్లి చూసి వచ్చేది. ఆవిడకు చదవడం రాదు, నేనే చదివి వినిపించేదాన్ని.

చిన్న ఊళ్లలో ప్రేక్షకులు లేరన్న వాక్యాన్ని రెండో భాగంలో సరిచేయమని కోరుతున్నాను. కుర్రాడు మాట్లాడతానన్నాడు, నంబరు కావాలంటే నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బలగ, శ్రీకాకుళం